చుక్క నెత్తురు

అఫ్రీన్ ఆటో దిగి సందులోకి వచ్చేసరికి మల్లీశ్వరి ఇంటి ముందు జనం పోగై ఉన్నారు. భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో బట్టల బ్యాగు. హైదరాబాదులో రాత్రి ఎక్కిన బస్సు పిడుగురాళ్లలో దింపితే, అక్కణ్ణుంచి కారంపూడి, కారంపూడి నుంచి ఈ ఆటో. ఎప్పుడు ఇంట్లోకి పోయి నడుం వాలుద్దామా అని ఉన్న మనిషి, పక్కింటి గొడ్లచావిడి వైపు చూసి తమ గుమ్మం ముందే ఆగిపోయింది.

చావిట్లో బర్రె గుంజ చుట్టూ తిరుగుతోంది. పలుపు గుంజకు చుట్టుకుని చుట్టుకుని పొట్టిదైపోయింది. మెడ గుంజకు ఆనుకుపోయాక కూడా దాని కాళ్లు ఆడుతూనే ఉన్నాయి. ఎవరో పలుపు విప్పారు. విప్పగానే నాలుగడుగులు తూలి, గోడకు తల ఆనించి, ఆ గోడను అవతలికి తోసెయ్యాలన్నట్టు నెట్టడం మొదలుపెట్టింది. మూతి చివర నురగ. కళ్లలోంచి కారిన నీళ్లు చెంపల మీద చారలు కట్టాయి. నుదుట తెల్లమచ్చ ఉందని దాన్ని అందరూ చుక్క అనేవాళ్లు. రాపిడికి ఆ మచ్చ కమిలి ఎర్రబడింది.

"మందు గడ్డే. ఇంకో మాట లేదు," అన్నాడు వంశీ, సిరంజిలోకి మందు లాగుతూ. వంశీ డాక్టరు కాదు. కారంపూడిలో పశువుల మందుల కొట్టు పెట్టుకుని, ఊళ్ల మీద తిరిగి సూదులేస్తుంటాడు. ఫోను చేస్తే వెంటనే వస్తాడు కాబట్టి అందరికీ అతనే దిక్కు. "ఆ నురగ చూడండి. వణుకు చూడండి. పురుగుమందు పడ్డ గడ్డి తింటే ఇట్టాగే తిరుగుద్ది."

"మిరపచేను గట్టున వంగోనుంటే నేను చూశా మొన్న," అంది గుంపులోంచి ఒకావిడ.

ఎవరు వంగొని ఉన్నారో ఆమె చెప్పలేదు. చెప్పనక్కరలేకుండానే అందరి తలలూ సందు మలుపు వైపు తిరిగాయి. అక్కడ రాజరత్నం గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తోంది. రెండు పూటలా మల్లీశ్వరి చావిట్లో పేడ తీసి, కుడితి పెట్టి, గడ్డి కోసి తెచ్చేది ఆమే. చుక్క పుట్టినప్పుడు తల్లి పొదుగు దగ్గరికి దాన్ని ఎత్తి నిలబెట్టింది కూడా ఆమే.

మల్లీశ్వరి ఎదురు వెళ్లింది. రెండు చేతులతో మోపు పట్టి లాగింది. పచ్చగడ్డి సందంతా పరుచుకుంది. కొంత మురుక్కాలవలో పడింది.

"ఏమే! నా కొంప ముంచావు గదే! మందు కొట్టిన గట్టున గడ్డి కోసుకొచ్చి నోరులేని దానికి పెడతావా? కళ్లు కనపళ్లేదా నీకు?"

"అమ్మా, నేను..."

"నోర్ముయ్! ఇంకోసారి నా చావిట్లో అడుగు పెట్టావంటే ఊరుకునేది లేదు, చెప్తన్నా."

రాజరత్నం ఖాళీ అయిన నెత్తి మీద చుట్టగుడ్డతో అలాగే నిలబడింది. ఆమె చూపు మల్లీశ్వరి మీద లేదు. భుజం పక్కనుంచి చావిట్లోకి చూస్తోంది.

"తల గోడకు పెట్టి నెడతంది. కాస్త ఇవతలికి తిప్పండమ్మా. కొమ్ము ఇరుగుద్ది," అంది.

ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. వంశీ సూది వేశాడు. రాజరత్నం వంగి, మోపు కట్టుకొచ్చిన పాతచీర ముక్క ఒక్కటే తీసుకుని, గడ్డి అక్కడే వదిలేసి వెనక్కి తిరిగింది. తన పక్కనుంచి పోతుంటే పలకరించాలనుకుంది అఫ్రీన్. చిన్నప్పుడు తనను చంకనేసుకుని తిప్పిన మనిషి. కానీ అంతమందిలో ఏమనాలో తోచలేదు. రాజరత్నం కూడా ఆమెను చూసినట్టు లేదు.

ఇంట్లోకి పోయేసరికి తండ్రి హబీబ్ వసారాలో తైవాన్ పంపు ఒకటి విప్పి ముందు పరుచుకుని కూర్చున్నాడు. మిరపచేలకు, పత్తిచేలకు మందు కొట్టే పంపులు బాగు చేయడం ఆయన వృత్తి. గోళ్ల సందుల్లో నలుపు, ఒంటికి ఎప్పుడూ పోని ఒక మందు వాసన.

"ఏంది అబ్బా ఆ గోల? నిజంగా గడ్డి వల్లేనా?" అంది కూతురు.

హబీబ్ నాజిల్‌ను నోటి దగ్గర పెట్టుకుని ఊది, వెలుగుకు పట్టి చూశాడు. "ఆ చేలో మందు కొట్టిన మాట నిజమే. పంపు నేనేగా బాగుచేసిచ్చింది. గాలికి గట్టు మీద పడిందో లేదో దేవుడికి తెలియాలి," అన్నాడు. "మల్లీశ్వరి బాధ కూడా చూడాల. ఇంటాయన పోయినకాణ్ణుంచి ఆ బర్రె పాల మీదే బతుకుతంది."

"మరి రాజరత్నం పెద్దమ్మ బాధ?"

హబీబ్ నాజిల్ తిప్పి మళ్లీ ఊదాడు.

అఫ్రీన్ ఇంటికి వచ్చింది థీసిస్‌లో మిగిలిన భాగం రాసుకుందామని. యూనివర్సిటీలో వాళ్ల ల్యాబు మరమ్మతులో ఉంది. మధ్యాహ్నం భోంచేసి, పక్కింటి గోడకు ఆనించి ఉన్న మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. తెర మీద నలుపూ తెలుపుల్లో ఒక చిన్న జీవి మెలికలు తిరుగుతోంది. ఒక్కటే కణం. పశువుల నెత్తుట్లో బతుకుతుంది. ఒంటికి పక్కగా అతుక్కుని ఒక తోక. ఏళ్ల తరబడి అఫ్రీన్ పరిశోధన చేస్తున్నది ఆ తోక మీదే.

"అదేంది, వానపామా?" అంది తల్లి రజియా, ఉల్లిపాయలు చాటలో పోసుకుని వచ్చి పక్కన కూర్చుంటూ.

"వానపాములో వెయ్యో వంతు కూడా ఉండదు అమ్మీ. తోక చూడు, ఎట్టా ఆడతందో. దాని లోపల సన్నసన్నటి గొట్టాలు జతలు జతలుగా గుండ్రంగా నిలబెట్టి ఉంటయ్. ఒక జత నుంచి పక్క జత మీదికి కాళ్లు చాపినట్టు ప్రొటీన్లు ఉంటయ్. డైనీన్ అంటారు. అవి అడుగులేస్తయ్. పక్క గొట్టాన్ని జరపాలని చూస్తయ్. గొట్టాలన్నీ కట్టేసి ఉన్నయ్ గాబట్టి జరగలేక వంగుతయ్. ఆ వంపే అల అయ్యి కొస నుంచి మొదలు దాకా పరిగెత్తుద్ది. దాంతో ఇది ఈదుద్ది."

"కాళ్లు తోక లోపల ఉంటయ్యా!" రజియా నవ్వింది. "నువ్వేం చేస్తావు మరి?"

"ఒక్కో రకం కాలు తీసేసి, అల ఎక్కడ తెగిపోద్దో కొలుస్తా."

"ఈదకపోతే?"

"చచ్చిపోద్ది. ఈదితేనే బతుకు దానికి."

"అది బతికితే ఎవరికేం నష్టం?"

"పశువులకు జబ్బొస్తది. జ్వరం, నీరసం..." అంటూ అఫ్రీన్ వీడియోను వెనక్కి జరిపి, అల మొదలైన చోట గీత పెట్టింది. థీసిస్ మొదటి పేజీలో ఆ జబ్బు గురించి రెండు వాక్యాలున్నాయి. ఎవరో రాసిన పుస్తకంలో చూసి రాసుకున్నవి. ఆ తర్వాత పేజీలన్నీ తోక గురించే. గోడకు అవతల దబ్బుమని చప్పుడైంది. కాసేపాగి మళ్లీ. చుక్క తల మోదుకుంటోంది. ఆ చప్పుడుకు ధ్యాస చెదురుతుంటే అఫ్రీన్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

*

మర్నాడు పొద్దున చుక్క కాస్త తేరుకుంది. నాలుగు చొప్పదంట్లు నమిలింది. కుడితి తొట్లో మూతి పెట్టింది. మల్లీశ్వరి మొహం విప్పారింది.

"వంశీ చేతి చలవ. విషం ఇరిగింది," అంది అఫ్రీన్‌తో, చుక్క మెడ కింద గోకుతూ. "పాలు మాత్రం చారెడు కూడా లేవు. వస్తయ్‌లే, మనిషి నిలబడితే చాలదా." తన బర్రెను మనిషి అన్నదని ఆమెకు తోచలేదు. పేడ తనే ఎత్తింది. అలవాటు లేక మధ్యలో నడుం పట్టుకుని నిలబడింది. చుక్క పెయ్యదూడ ఆమెను దగ్గరికి రానీయలేదు. తలుగు తెంచుకునేలా గింజుకుని, సందు వైపు చూసి అరిచింది.

సాయంత్రం రజియా కూతుర్ని పిలిచి, కూర గిన్నె చేతికిచ్చింది. "రాజరత్నాన్ని పత్తి తియ్యడానికి కూడా ఎవురూ పిలవట్లేదంట. 'మందు గడ్డి రాజరత్నం' అని పేరెట్టారంట అప్పుడే. పోయి చూసిరా."

ఊరి అవతల పల్లెలో చర్చి వెనక వరసలో చివరి ఇల్లు ఆమెది. రాజరత్నం గడపలో కూర్చుని ఉంది. ఒళ్లో ఆ పాతచీర ముక్క. రెండు చేతుల్తో దాన్ని ముక్కు దాకా ఎత్తి, కళ్లు మూసుకుని గట్టిగా వాసన పీల్చి, దించింది. మరో వైపు తిప్పి మళ్లీ పీల్చింది. అఫ్రీన్ ముందుకొచ్చి నిలబడితే గానీ చూడలేదు.

"పాపా, నువ్వా! ఎప్పుడొచ్చావు?" అని, సమాధానం కోసం ఆగకుండా గుడ్డ చాపింది. "నువ్వు చూడు. వాసనొస్తందా? మీ నాయన మందు పంపుల మనిషి గదా, నీకు తెలుస్తది."

అఫ్రీన్ వాసన చూసింది. గడ్డి వాసన. చెమట వాసన. ఇంకేదైనా ఉందేమో తెలియలేదు. తండ్రి ఒంటి వాసనలో పెరిగిన ముక్కు తనది.

"ఏం రావట్లేదు పెద్దమ్మా."

"నాకు ఒకసారి వచ్చినట్టుంటది, ఒకసారి రానట్టుంటది," అంది రాజరత్నం. "రాత్రంతా చూస్తానే ఉన్నా. గాలికొచ్చి పడిందేమోనే! దాని నోటికి నా చేత్తోనే గదా పెట్టా. ఇంకొంచెం తినవే అని బతిమాలి పెట్టా. నేను ఆ రోజు ఏడకు పొయ్యానంటే..."

"పోనీలే పెద్దమ్మా, మనసులో పెట్టుకోమాక. పొద్దున నాలుగు దంట్లు తిన్నది. నయమైపోతది," అంది అఫ్రీన్ తొందరగా. ఓదార్చాలన్న ఆత్రంలో ఆమె మాటకు అడ్డం పడ్డానని అనుకోలేదు.

రాజరత్నం నోట్లో మాట నోట్లోనే ఆపుకుంది. "తిన్నదా?" అంది. ఆ తర్వాత గుడ్డ మడిచి మోకాళ్ల మీద పెట్టుకుని, చేత్తో చదును చేస్తూ కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ తడి లేదు. కూర గిన్నె అందుకుని పక్కన పెట్టింది. మూత తియ్యలేదు.

*

ఆ మర్నాడు చుక్కకు మళ్లీ తిరుగుడు పట్టుకుంది. వంశీ ఫోనెత్తలేదు. మల్లీశ్వరి గోడ మీదుగా కేకేస్తే అఫ్రీన్ పరిగెత్తింది.

"పలుపు పట్టుకోవే, నేను నీళ్లు కొడతా. ఒళ్లు కాలిపోతంది."

అఫ్రీన్ పలుపు పట్టుకుని చుక్క మెడ మీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది. పెనం మీద వేసినట్టుంది. నిన్న పొద్దున ఇదే మెడ చల్లగా ఉంది. ఇవాళ మళ్లీ జ్వరం. పురుగుమందుకు జ్వరం ఇలా వచ్చి, పోయి, వస్తుందా? ఏదో అడ్డం తగిలినట్టై ఆమె ఆగింది. చుక్క కింది కనురెప్పను బొటనవేలితో లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లకాగితంలా పాలిపోయి ఉంది.

చుక్క తొడ మీద ఒక జోరీగ వాలి ఉంది. పెద్దది, మనిషి గోరంత. చుక్క తోకతో విసిరే ఓపిక లేక తోలు మాత్రం ఆడించింది. అఫ్రీన్ అలవాటుగా అరచేత్తో చరిచింది. చెయ్యి తీసి చూస్తే వేళ్ల మధ్య నెత్తురు. వెచ్చగా ఉంది.

ఆమె తన అరచేతి వంక చూస్తూ ఉండిపోయింది. థీసిస్ మొదటి పేజీలోని రెండు వాక్యాలూ ఒక్కొక్క మాటగా గుర్తొచ్చాయి. వచ్చిపోయే జ్వరం. నెత్తురు పలచబడడం. మెదడుకు ఎక్కితే గుండ్రంగా తిరగడం, తల మోదుకోవడం. జోరీగల వల్ల వ్యాపిస్తుంది.

"పిన్నీ, డాక్టర్ని పిలుద్దాం. వంశీని కాదు, రవిచంద్ర గార్ని."

పశువుల డాక్టరు రవిచంద్ర ఆ మండలంలో గాలికుంటు టీకాల మీద ఊరూరూ తిరుగుతున్నాడు. హబీబ్ బండేసుకుని పోయి, పక్క ఊళ్లో పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన థర్మామీటరు పెట్టి చూశాడు. కనురెప్ప లాగి చూశాడు. చెవి కొసన సూదితో గుచ్చి, చిన్న గాజుగొట్టంలోకి నెత్తురు పట్టాడు.

"సర్రా అని అనుమానం, జోరీగల జబ్బు," అన్నాడు. "నెత్తురు వేడిగా ఉండగానే చూడాలి. పదండి."

"నేనొస్తా," అంది మల్లీశ్వరి. చెప్పులు కూడా వేసుకోలేదు.

కారంపూడి పశువుల ఆస్పత్రికి చేరేసరికి కరెంటు లేదు. రవిచంద్ర మైక్రోస్కోపును కిటికీ దగ్గరికి జరిపి, దీపం తీసేసి, కింద అద్దం బిగించాడు. గాజుపలక మీద ఒక బొట్టు వేసి పైన పల్చటి బిళ్ల మూశాడు. "మీరు చూడండి. ఇది మీ సబ్జెక్టే అన్నారుగా," అని తప్పుకున్నాడు. అఫ్రీన్ అద్దాన్ని ఎండకు తిప్పింది. కళ్ల ముందు గుండ్రటి వెలుగు, అందులో కిక్కిరిసి పరుచుకున్న ఎర్రకణాలు. మెల్లగా పలకను జరుపుతూ పోయింది. అన్నీ కదలకుండా ఉన్నాయి. ఉన్నట్టుండి ఒక మూల కణాలు అదిరాయి. నాచు కింద చేపపిల్ల కదిలితే నాచు అదిరినట్టు. ఆ అదురు దగ్గరికి వచ్చింది. కణాలను పక్కలకు తోసుకుంటూ, సన్నగా, నిగనిగలాడుతూ, అది బయటపడింది.

ల్యాబులో ఆమె చూసినవన్నీ సీసాల్లో పెంచినవి. తేటనీళ్లలాంటి ద్రవంలో, అడ్డం లేకుండా ఈదినవి. ఇది అలా కాదు. దారి లేని చోట దారి చేసుకుంటోంది. తోక కొస నుంచి అల పుట్టి ఒంటి పొడవునా జారుతుంటే, ఆ అలకు చుట్టూ ఉన్న కణాలన్నీ ఊగుతున్నాయి. తను గీతలు గీసి, అంకెలు వేసి కొలిచిన అల. ఇన్నేళ్లకు దాని సొంతింట్లో చూసింది.

"అబ్బ! ఎంత బాగుందో!" అంది పైకే. నవ్వింది కూడా. నవ్వుతూనే తలెత్తి వెనక్కి తిరిగింది.

మల్లీశ్వరి గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడి, ఆమె మొహంలోకే చూస్తోంది. ఆ నవ్వు చూసి ఆమె మొహం కూడా కొద్దికొద్దిగా వెలిగింది.

"మంచి మాటేనా అమ్మా? బతుకుతదా?"

అఫ్రీన్ నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. ఏం చెయ్యాలో తెలియక మళ్లీ మైక్రోస్కోపు వైపు తిరిగింది. కానీ కన్ను ఆనించలేకపోయింది. ఆమె భుజం మీదుగా రవిచంద్ర వంగి చూసి, "సర్రానే," అన్నాడు. "మందుంది. కాకపోతే ఆలస్యమైంది."

"ఏదీ, నన్ను చూడనీయండి," అంది మల్లీశ్వరి.

ఒక కన్ను చేత్తో మూసుకుని, రెండోది ఆనించి, చాలాసేపు చూసింది. "కదలతంది," అంది. "ఇదా నా బర్రెను తినేది? ఇది గడ్డిలోంచి వచ్చిందా?"

"కాదు పిన్నీ. జోరీగ తెచ్చుద్ది. జబ్బున్న పశువు నెత్తురు తాగతా తాగతా లేచి, ఇంకోదాని మీద వాలుద్ది. మూతికంటిన నెత్తుటితో ఇదీ పోద్ది."

"గడ్డి కాదన్నమాట."

"కాదు. గడ్డికీ దీనికీ సంబంధమే లేదు."

మల్లీశ్వరి కన్ను తీసింది. కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుంది. ఆటోలో తిరిగొచ్చే దారంతా బయటికే చూస్తూ కూర్చుంది.

మందు కోసం హబీబ్ నరసరావుపేట పోయి వచ్చాడు. వానలో తడిసి వచ్చాడు. రవిచంద్ర చుక్క మెడ దగ్గర తోలు కిందికి సూది వేసి, నెత్తుట్లోకి గ్లూకోజు సీసా ఎక్కించాడు. సీసా పట్టుకుని అఫ్రీన్ నిలబడింది. చేతులు లాగేస్తుంటే ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. చుక్క ఆమె వైపు చూడడం లేదు. అసలు దేని వైపూ చూడడం లేదు. చూపు పోయిందని రవిచంద్ర మెల్లగా చెప్పాడు. తాను మొదటి రోజే, ఆటో దిగిన క్షణానే గుర్తుపట్టి ఉంటే? గోడకు ఇవతల ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న మధ్యాహ్నం ఆమెకు పదేపదే కళ్లలో మెదిలింది.

తెల్లవారి, సందులో పాలబండి హారను మోగే వేళకు చుక్క పక్కకు ఒరిగింది. కాళ్లు రెండుసార్లు ఆడించింది, ఎక్కడికో నడుస్తున్నట్టు. అంతే.

*

చేలో గొయ్యి తీయడానికి జేసీబీ వచ్చింది. చుక్కను ట్రాక్టరు మీదికి ఎక్కిస్తుంటే మల్లీశ్వరి దాని కొమ్ము పట్టుకుని వదల్లేదు. ఆడవాళ్లు విడదీసి కూర్చోబెట్టారు. "నా తల్లీ, నా ఇల్లు నిలబెట్టావు గదే," అని ఆమె ఏడుస్తుంటే చూసేవాళ్లందరి కళ్లూ తడయ్యాయి.

"దాని ఉసురు ఊరికే పోద్దా. మందు గడ్డి పెట్టిన చేతులు పడిపోతయ్," అంది మొన్న గట్టున చూశానన్న ఆవిడే.

మల్లీశ్వరి ఏడుపు ఒక్క క్షణం ఆగింది. తలెత్తింది. నోరు తెరిచింది. అఫ్రీన్ ఊపిరి బిగబట్టి చూసింది. మల్లీశ్వరి ఆమె కళ్లలోకి చూసి, చూపు దించుకుని, మళ్లీ ఏడవసాగింది.

జనం పోయాక అఫ్రీన్ ఆమె పక్కన కూర్చుంది. "పిన్నీ, రాజరత్నం పెద్దమ్మ తప్పేం లేదని చెప్పలేదేంది?"

"చెప్తాలేవే. ఇయ్యాల నా బర్రె పోయింది. ఇయ్యాలే చెప్పాలా?"

"ఆమెను పత్తికి కూడా పిలవట్లేదు."

"నలుగుర్లో మోపు లాగి పారేశానే నేను!" మల్లీశ్వరి గొంతు లేచింది. మళ్లీ తగ్గింది. "ఇప్పుడు నాదే పొరపాటంటే నన్నేమనుకుంటారు? మొగుడు పోయినోళ్లం, ఊళ్లో మాట దక్కించుకుని బతకాల. నాలుగు రోజులు పోతే అందురూ మర్చిపోతార్లే. పిలుస్తా, నేనే పిలుస్తా. నువ్వేం చెప్పబాక."

అఫ్రీన్ లేచింది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ ఎండలోనే పల్లెకు నడిచింది.

రాజరత్నం గడపలో లేదు. ఇంటి వెనక బండ మీద బట్టలు ఉతుకుతోంది. అఫ్రీన్ మొహం చూడగానే చేతిలో గుడ్డ వదిలేసింది.

"పోయిందా?"

"పోయింది పెద్దమ్మా. పొద్దున."

రాజరత్నం తడిచేతులు రెండూ ముందుకు చాపి చూసుకుంది. "నా చేత్తోనే," అంది.

"కాదు పెద్దమ్మా! నీవల్ల కాదు. అది చెప్పడానికే వచ్చా. జబ్బు అది. నెత్తుట్లో పురుగు. జోరీగ కుట్టడం వల్ల వస్తది. నేను చూశా, డాక్టరుగారు చూశారు, పిన్ని కూడా తన కళ్లతో చూసింది. గడ్డికీ దానికీ సంబంధం లేదు."

"గడ్డి కాదా?"

"కాదు."

"నేను పెట్టిన గడ్డి వల్ల పోలేదా?"

"పోలేదు. ఒట్టు."

రాజరత్నం ఆమె మొహంలోకి చూస్తూ మూడోసారి కూడా అదే అడిగింది. అఫ్రీన్ అదే చెప్పింది. అప్పుడు రాజరత్నం బండ మీద కూలబడింది. మొదట చప్పుడేమీ రాలేదు. భుజాలు ఊగాయి. ఆ తర్వాత గొంతు తెగినట్టు ఒక కేక పెట్టింది. "చుక్కా! ఓ నా చుక్కా! నా బిడ్డా!" పక్కిళ్ల వాళ్లు వచ్చి చూశారు. ఇన్ని రోజులుగా ఆ కళ్లలో చుక్క నీరు రాకపోవడం ఎందుకో అఫ్రీన్‌కు అప్పుడు అర్థమైంది. తన చేత్తో చంపుకున్నదాని కోసం ఏ మొహంతో ఏడవాలని ఆగిన మనిషి. ఇప్పుడు ఏడుస్తోంది. అది ఈనిన రోజులు చెప్పుకుని, దాని తిండి చెప్పుకుని, మొండితనం చెప్పుకుని ఏడుస్తోంది. అఫ్రీన్ పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. నిన్న మైక్రోస్కోపు ముందు నవ్విన నోటితో ఏమి చెప్పినా బాగుండదనిపించింది.

ఏడుపు తగ్గాక రాజరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. "దూడకు కూడా ఉందా ఆ పురుగు?"

"తెలీదు. ముందు జాగ్రత్తగా రేపు సూదేస్తానన్నారు డాక్టరుగారు."

"దాన్నెవరు పట్టుకుంటారు? ఎవర్నీ రానీదు గదా."

*

ఆమె అన్నట్టే అయింది. మర్నాడు రవిచంద్ర సిరంజి పట్టుకుని నిలబడితే, పెయ్యదూడ హబీబ్‌ను ఒక తాపు తన్ని, తలుగుతో సహా చావిడంతా కలియదిరిగింది. సందులో ఆడవాళ్లు చేరి తలా ఒక ఉపాయం చెబుతున్నారు. మల్లీశ్వరి దూరం నుంచి బుజ్జగిస్తుంటే అది ఇంకా బెదిరింది.

రాజరత్నం వచ్చి చావిడి గడప ముందు ఆగింది. లోపలికి అడుగు పెట్టలేదు. మల్లీశ్వరి చూసింది.

"రా," అంది చివరికి మల్లీశ్వరి.

రాజరత్నం లోపలికి వచ్చింది. నాలుకతో చిన్నగా టకటకమని చప్పుడు చేసింది. దూడ నిలబడిపోయింది. ఆమె చంకలో మూతి దూర్చింది. రాజరత్నం ఒక చేత్తో దాని మెడను పొదివి పట్టుకుని, రెండో చేత్తో కళ్లు మూసింది. రవిచంద్ర సూది వేశాడు. అది కొంచెం అదిరి ఊరుకుంది. సూది దిగిన చోట రాజరత్నం బొటనవేలితో మెల్లగా రాసింది. ఖాళీ గుంజ వైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకుంది.

మల్లీశ్వరి చేతులు నలుపుకుంది. సందులో జనం వింటున్నారు. అఫ్రీన్ వింటోంది. మల్లీశ్వరి గట్టిగానే అంది, "రాజరత్నం తప్పేం లేదు. జబ్బొచ్చి పోయింది బర్రె. నేనే తొందరపడ్డా." తర్వాత రాజరత్నం వైపు తిరిగి, "రేపట్నుంచి వచ్చెయ్యవే. దూడ నీకు గానీ లొంగదు," అంది.

అఫ్రీన్ గుండెల నిండా గాలి పీల్చుకుంది. జరగాల్సింది జరిగిందనుకుంది.

రాజరత్నం దూడ మెడ మీది చెయ్యి తీసింది. తలుగు కొస తెచ్చి మల్లీశ్వరి చేతిలో పెట్టింది.

"దూడ కోసం వచ్చానమ్మా ఇయ్యాల. ఇంక రాను," అంది.

"ఏంది? అందర్లో చెప్పా గదే!"

"చెప్పారు. చానా సంతోషం." ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "అన్నేళ్లు మీ చావిట్లో పేడెత్తా. గడ్డి ఏడ కోశావే రాజరత్నం అని ఒక్కమాట అడిగితే చెప్పేదాన్ని. వంశీనడిగారు. డాక్టర్నడిగారు. చుక్క నెత్తురునడిగారు. అది కాదని చెప్పినాక నమ్మారు. నన్ను మాత్రం అడగలేదు."

చెప్పులు వేసుకుని సందులోకి దిగింది. జనం దారి ఇచ్చారు. దూడ తలుగు లాక్కుంటూ ఆమె వెనకే పోబోయి, మల్లీశ్వరి చేతిలో తలుగు బిగుసుకుంటే ఆగి, మెడ సాచి అరిచింది. రాజరత్నం నడక ఒక్క క్షణం మందగించింది. వెనక్కి మాత్రం తిరగలేదు. మలుపు దాటిపోయింది.

దూడ అరుస్తూనే ఉంది. రవిచంద్ర సిరంజి కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాడు. మల్లీశ్వరి తలుగును రెండు చేతుల్తో పట్టుకుని, అఫ్రీన్ దగ్గరికి జరిగి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"గడ్డి ఏడ కోసిందంట?"

అఫ్రీన్ వెంటనే చెప్పబోయి, చెప్పడానికి ఏమీ లేదని తెలుసుకుంది. రాజరత్నం ఇంటి గడపలో, ఆ బండ దగ్గర, తను ఎన్ని మాటలు చెప్పిందో గుర్తొచ్చింది.

"తెలీదు పిన్నీ," అంది. "నేనూ అడగలేదు."